ఎముకల వయసు

"నీకు పదహారేళ్ళు," అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

"పదమూడండి," అంది గౌతమి.

"ఎముకలు అబద్ధం చెప్పవమ్మా."

"నేను మాత్రం చెబుతున్నానా అండి?"

గదిలో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. అమలాపురంలో ఒక కాలేజీ మైదానం పక్కన, వలలూ బంతులూ పడేసే గది అది. పద్నాలుగేళ్ళలోపు బాలికల జిల్లా కబడ్డీ జట్టును ఎంపిక చేసే కమిటీకి ఈ మూడు రోజులూ అదే ఆఫీసు. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కన్వీనరు. ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నల్ల టీషర్టు మనిషి రవికుమార్, నిన్న గౌతమి జట్టు చేతిలో ఓడిపోయిన జట్టుకి కోచ్. ఫిర్యాదు చేసింది అతనే.

నిన్నటి ఆటలో గౌతమి కూతకి వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరిని ముట్టుకునే తిరిగి వచ్చింది. చివరి కూతలో ముగ్గురు మీద పడి పట్టుకుంటే ఆ ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత దాటింది. "ఇది పద్నాలుగేళ్ళలోపు పిల్ల చేసే పనేనండీ?" అని రవికుమార్ అక్కడికక్కడే గొడవ పెట్టాడు. ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీయించారు. ఆ ఎముకలు పదహారేళ్ళ అమ్మాయివిలా ఉన్నాయని తేలింది.

"పుట్టిన సర్టిఫికెట్టు ఇచ్చేం గదండి," అన్నారు తాతాజీ మాస్టారు. మామిడికుదురు దగ్గర గౌతమి చదివే హైస్కూల్లో ఆటల మాస్టారు ఆయన.

"సర్టిఫికెట్లు ఎలా పుడతాయో మనందరికీ తెలుసు మాస్టారూ," అన్నాడు రవికుమార్.

"మీకు మరీ బాగా తెలిసినట్టుందే."

"ఉండండయ్యా," అని కన్వీనరు ఫిల్మును బల్ల మీద పెట్టారు. "చూడమ్మా. రేపు మధ్యాహ్నం జట్టు రాష్ట్ర పోటీలకి కర్నూలు బయల్దేరుతుంది. పొద్దున్నే మీ పెద్దవాళ్ళని తీసుకురా. దీనికి సరైన కారణం చెబితే సరే. లేదంటే వయసు దాచి ఆడిందని రాయాల్సొస్తుంది. రెండేళ్ళు నీకు ఆట ఉండదు. మాస్టారు ఇంక పిల్లల్ని పోటీలకి తేవడానికి వీల్లేదు."

ఎక్స్‌రే చదివింది డాక్టర్ దివ్య. ఆటలకి డ్యూటీ మీద వచ్చిన కుర్ర డాక్టరు. అప్పటిదాకా మాట్లాడని ఆమె లేచి గౌతమిని వరండా చివరికి తీసుకెళ్ళింది.

"ఒక సంగతి అడుగుతాను. చెప్పాలనిపిస్తేనే చెప్పు. నీకు నెలసరి మొదట ఎప్పుడు వచ్చింది?"

ఆ ప్రశ్నకి ఇంట్లో నేర్పిన జవాబు ఒకటుంది. పోయినేడు. అది నోటిదాకా వచ్చింది. గౌతమి దాన్ని మింగేసింది.

"మూడో తరగతిలోనండి. ఎనిమిదేళ్ళకి."

డాక్టరు నెమ్మదిగా చెప్పింది.

"శరీరం పెద్దది కావడం మొదలెట్టాలంటే మెదడు నుంచి ఒక ఆజ్ఞ రావాలి. ఆడపిల్లల్లో అది మామూలుగా ఎనిమిదికీ పదమూడుకీ మధ్య వస్తుంది. నెలసరి ఆ తర్వాత రెండు మూడేళ్ళకి. నీకా ఆజ్ఞ చాలా ముందే వచ్చేసింది. హార్మోన్లు ముందొస్తే ఎముకలూ ముందే ముదురుతాయి. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక ఎంత ముదిరిందన్నదే. నువ్వెప్పుడు పుట్టావో దానికి తెలీదు."

"అయితే నేను దొంగని కాదు."

"కాదు. కానీ ఈ మాట లోపల చెప్పాలంటే నువ్వు ఒప్పుకోవాలి. అందరూ మగవాళ్ళు. కావాలంటే నేను విడిగా కన్వీనరుగారికి..."

గౌతమి అప్పటికే గుమ్మం దాటింది.

"నాకు ఎనిమిదేళ్ళకే నెలసరి వచ్చిందండి," అంది గది మధ్యలో నిలబడి. "అందుకే ఎముకలు ముదిరేయంట. డాక్టరుగారు చెప్తారు."

రవికుమార్ నేల చూశాడు. మాస్టారు కిటికీలోంచి మైదానం చూశారు. కన్వీనరు మాత్రం గౌతమినే చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖంలో ఇబ్బంది పోయి అనుమానం వచ్చింది.

"నువ్వు నాగదుర్గాప్రసాద్ కూతురివి గదా? పోయినేడు మీ ఇంట్లో ఫంక్షన్‌కి నేనొచ్చేనమ్మా. అక్షింతలేసేను. 'మా అమ్మాయి పెద్దమనిషైందండి' అని మీ నాన్నే వచ్చి పిలిచేడు. మీ మామ్మగారు దగ్గరుండి పనసపొట్టు కూర వడ్డించేరు. ఇప్పుడు మూడో తరగతంటావేంటి?"

గౌతమి మాస్టారి వైపు చూసింది.

"విన్నారా అండి?" అన్నాడు రవికుమార్ తల ఎత్తి. "పూటకో వయసు."

*

అబద్ధం పుట్టింది ఐదేళ్ళ క్రితం, మామ్మ నోట్లో.

ఆ రోజు గౌతమి స్కూలు నుంచి వస్తూనే ఏడ్చుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. తల్లి శ్రీకళ గౌను చూసి గోడకి చేరగిలబడిపోయింది. మామ్మ సూర్యకుమారి మాత్రం ముందు వీధి తలుపు వేసింది. తర్వాత పెరటి తలుపు వేసింది.

"ఈ వయసులో అయిందంటే నలుగురూ ఊరుకుంటారా? పిల్లకేదో లోపం ఉందంటారు. ఫారం కోడి పెట్టి పెంచేరంటారు. రేపు సంబంధాలప్పుడు ఇదే పట్టుకుంటారు. ఈడొచ్చేదాకా ఎవరూ నోరెత్తకండి. ఆసుపత్రీ వద్దు. అక్కడ మనూరోళ్ళు సగం మందుంటారు."

శ్రీకళ ఏదో అనబోయింది. నాగదుర్గాప్రసాద్ తల్లి వైపు చూసి తల ఊపాడు. అంతే.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ఈడొచ్చిందని మామ్మ తేల్చాక ఇంటి ముందు షామియానా లేచింది. గౌతమిని చాప మీద కూర్చోబెట్టారు. నువ్వుల చిమ్మిలి ఉండలు చేసి ఊరంతా పంచారు. పేరంటాళ్ళు హారతి పడుతుంటే మామ్మ చెవి దగ్గర వంగి, "తల వంచు. కొత్తగా ఉన్నట్టుండు," అని గదమాయించింది. గౌతమికి నవ్వొచ్చింది. అది సిగ్గు అనుకుని పేరంటాళ్ళు మెచ్చుకున్నారు.

ఆ ఫంక్షనే ఇప్పుడు అడ్డం నిలబడింది.

*

"రెండేళ్ళేగా," అన్నాడు నాగదుర్గాప్రసాద్. సాయంత్రం దింపు తీసిన కొబ్బరికాయలు కొట్టంలోకి చేరవేయించి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఈ రెండేళ్ళూ చదువుకో. టెన్త్ అయ్యేక ఆడుకుందువు."

"దొంగ వయసుతో ఆడిందని రాస్తారు నాన్నా. మాస్టారి పని కూడా అయిపోతుంది."

"మాస్టారికి మనమేం చెప్పేమా, ఆడించమని?" అంది మామ్మ. ఆవిడ ముందు చేటలో పెసలున్నాయి. రాళ్ళు ఏరుతున్న చెయ్యి ఆగలేదు. "ఆ ఆట లేకపోతే అన్నం అరగదేంటి నీకు?"

"నువ్వొచ్చి నిజం చెప్తే చాలు మామ్మా."

"ఏవని? ఊరందర్నీ పిలిచి ఉత్తుత్తి పేరంటం చేసేనని చెప్పనా? రేపు నా మొహం ఎవరైనా చూస్తారా?"

"అమ్మా, నువ్వు?"

శ్రీకళ గుమ్మంలో నిలబడి ఉంది. అత్తగారి వైపు చూసింది. లోపలికి వెళ్ళబోయింది.

కూతకి వెళ్ళినప్పుడు ఎదుటివాళ్ళు ఏ మూల నుంచి మీద పడతారో కనిపెట్టడం గౌతమికి అలవాటు. ఇంట్లో ఆ మూల ఎక్కడుందో ఆమె దారంతా ఆలోచించుకునే వచ్చింది.

"సరే, వద్దులే," అంది తేలిగ్గా. "పదహారేళ్ళనే రాసుకోనీ."

"ఆయ్, రాసుకోనీ," అంది మామ్మ. "నాలుగ్రోజులు చెప్పుకుంటారు, మర్చిపోతారు."

"నాన్నా, మీ పెళ్ళై ఎన్నేళ్ళయింది?"

"ఎందుకే?"

"ఊరికే."

"మాఘమాసం వస్తే పదిహేను."

"నాకు పదహారంట," అంది గౌతమి, ఒక్కో మాటా విడిగా. "కాయితం మీద రాస్తారంట."

కొట్టంలో ఎవరో కాయ జారవిడిచిన చప్పుడు వినిపించింది. నాగదుర్గాప్రసాద్ ముఖం ఎర్రబడింది. మామ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"ఎవడాడు?" అంది మామ్మ.

"ఎవరు మామ్మా?"

"మా కోడలు పెళ్ళికి ముందే కనిందని రాసేవాడు. ఎవడాడు? పేరు చెప్పు."

గుమ్మంలోంచి నవ్వు వినిపించింది. శ్రీకళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఆగడం లేదు. ఆ ఇంట్లో అత్తగారి ఎదుట ఆమె అలా నవ్వడం గౌతమి ఎప్పుడూ చూడలేదు.

"నవ్వుతావేంటే? నిన్నేగా అంటున్నారు!"

"అవునండి అత్తయ్యగారూ. నన్నే గదా," అంది శ్రీకళ. "రేపు నేనూ వస్తాను."

*

మర్నాడు ఆటో బోడసకుర్రు వంతెన ఎక్కుతుంటే మామ్మ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఎవరెవర్ని ఏమేం అనాలో పైకే అనుకుంటూ వచ్చింది. నాగదుర్గాప్రసాద్ డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరగలేదు.

గదిలో అడుగుపెట్టడంతోనే మామ్మ మొదలుపెట్టింది.

"ఏం సుబ్రహ్మణ్యం? మా ఇంట్లో భోంచేసినప్పుడు నా కోడలు ఎలాంటిదో తెలీలేదా నీకు?"

కన్వీనరు కుర్చీలోంచి లేచిపోయారు. "ఏంటి పిన్నిగారూ, ఏవైంది?"

"పిల్లకి పదహారేళ్ళంట. మావాడి పెళ్ళయి పదిహేను నిండలేదు. మరి దీన్ని ఎవరికి కనింది? నువ్వే చెప్పు, నలుగురిలో."

"అమ్మమ్మమ్మ! అంత మాట మేం ఎందుకంటామండి?"

"నువ్వన్లేదు, నీ బొమ్మ అంది," అని మామ్మ బల్ల మీది ఎక్స్‌రేని వేలితో పొడిచింది.

తాతాజీ మాస్టారు దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకున్నారు. రవికుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కన్వీనరు ఆవిడకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, గొంతు తగ్గించారు.

"పిన్నిగారూ, దీన్ని సాగదీయొద్దు. మీ పరువు నా పరువు. ఓ పని చేద్దాం. అమ్మాయికి ఒంట్లో బాగోలేదని రాసి పేరు తీసేస్తాం. వయసు మాట ఎక్కడా రాదు. నిషేధం లేదు. మాస్టారికీ ఇబ్బంది లేదు. రవికుమార్ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు. ఏమయ్యా?"

"సరేనండి," అన్నాడు రవికుమార్ వెంటనే.

"ఆయ్, అదీ మర్యాదంటే," అంది మామ్మ. ఆవిడ ముఖం విప్పారింది. నాగదుర్గాప్రసాద్ గట్టిగా ఊపిరి వదిలాడు. మాస్టారు కూడా కళ్ళు దించుకున్నారు. బల్ల దగ్గర కన్వీనరు పెన్ను మూత తీశారు.

"నాకు ఒంట్లో బాగానే ఉందండి," అంది గౌతమి.

పెన్ను ఆగింది.

"అది రాసేందుకేనమ్మా..."

"ఒంట్లో బాగోలేదని నాలుగేళ్ళు చెప్పేనండి. నెలనెలా. స్కూల్లో చెప్పేను, ట్యూషన్లో చెప్పేను, పక్కింటి పిల్లలకి చెప్పేను. కడుపునొప్పని, జ్వరమని, తలనొప్పని. ఇంక చెప్పను. నాకు పదమూడేళ్ళు. ఒంట్లో బాగుంది. మీరు తీసేస్తే తీసెయ్యండి. కానీ ఎందుకు తీసేసేరో అసలు కారణం రాయండి. నేను సంతకం పెట్టను."

"గౌతమీ!" అన్నాడు తండ్రి.

"మీరు చేసిన ఫంక్షన్‌లో తల వంచుకుని కూర్చున్నాను నాన్నా. ఒకసారి చాలు."

గౌతమి తల్లి వైపు తిరిగింది. ఊరికే చూసింది.

శ్రీకళ ముందుకి వచ్చింది. "ఎండాకాలం సెలవులకి ముందండి," అంది డాక్టరు వైపు చూస్తూ. "మూడో తరగతి పరీక్షలు రాస్తోంది."

"శ్రీకళా," అన్నాడు నాగదుర్గాప్రసాద్.

"కూర్చోండి," అంది శ్రీకళ, అతని వైపు చూడకుండానే. "అప్పటికి ఏడాది ముందే ఒళ్ళు మారడం మొదలైందండి. చంకల్లో వెంట్రుకలొచ్చేయి. చెమట వాసన పెద్దవాళ్ళకి వచ్చినట్టొచ్చేది. నేను స్నానం చేయించేదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

"పొడుగు?" అడిగింది డాక్టర్ దివ్య.

"గబగబా ఎదిగిపోయిందండి. నాలుగో తరగతికే నా భుజం దాటింది. తర్వాత ఆగిపోయింది. ఈ రెండేళ్ళలో ఒక్క గౌను పొట్టి కాలేదు."

"అవునండి," అన్నారు మాస్టారు. "ఆరో తరగతిలో కుట్టించిన జెర్సీయే ఇది."

డాక్టరు కన్వీనరు వైపు తిరిగింది. "నిజంగా పదహారేళ్ళ పిల్ల అయితే ఎదుగుదల ఈమధ్యే ఆగుండాలి. ఈమెకి పదకొండేళ్ళకే ఆగిపోయింది. ముందు మొదలైంది, ముందే అయిపోయింది. ఎముకలు అలా ఉండటానికి ఇదే కారణమని నేను రాసిస్తాను. పుట్టిన సర్టిఫికెట్టుని కాదనడానికి ఈ ఎక్స్‌రే ఒక్కటే చాలదు."

"మేడమ్," అంది శ్రీకళ. "అప్పుడే ఆసుపత్రికి తెచ్చుంటే?"

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "మందులున్నాయండి. ఇంజెక్షన్లు. కొన్నేళ్ళు ఆపి ఉంచొచ్చు. బహుశా ఇంకాస్త పొడుగయ్యేది."

శ్రీకళ అత్తగారి వైపు చూసింది. మామ్మ తన కాళ్ళ వైపు చూసుకుంటోంది.

రవికుమార్ ఇంకా వదల్లేదు. "జట్టులో చోటు కోసం ఏ తల్లయినా చెబుతుందండి. మరి పోయినేడు జరిగిన ఫంక్షన్ సంగతేంటి? ఊరంతా తిన్నారు. కన్వీనరుగారే సాక్షి. ఈవిడ మాట నమ్మాలా, ఆ పందిరి నమ్మాలా?"

"పందిరి నమ్మకు," అంది మామ్మ.

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"పందిరి అబద్ధం. వేయించింది నేను. మా కోడలికి ఇష్టం లేదు, పిల్లకి ఇష్టం లేదు. మావాడికి ఇష్టమో కాదో వాడికే తెలీదు. ఊరివాళ్ళకి భయపడి పిల్లకి మందు లేకుండా చేసింది కూడా నేనే. ఎక్కడ రాసుకుంటావో రాసుకో. మా కోడలు అబద్ధాలకోరని మాత్రం ఇంకోసారి అన్నావో, మీ ఊరొచ్చి మీ అమ్మకి చెప్తాను."

"అది కాదండీ..."

"నువ్వేం చదివేవో నాకు తెలీదు నాయనా. మా ఇళ్ళల్లో ఆడపిల్ల ముందే పెద్దదైందని ఏ ముసల్దీ అబద్ధం చెప్పదు. కాలేదని చెప్తుంది. నాలా."

అప్పుడు కిటికీ అవతల నుంచి సన్నని గొంతు వినిపించింది.

"మేడమండీ."

కిటికీ ఊచల వెనక ముగ్గురు నలుగురు ఆడపిల్లలున్నారు. మాట్లాడింది రవికుమార్ జట్టులో పొడుగు పిల్ల, భవాని. మొన్నటి చివరి కూతలో గౌతమి చీలమండ పట్టుకుని వదలకుండా గీతదాకా నేల మీద జారుతూ వచ్చింది ఆ పిల్లే. మోచేతికి ఇంకా కట్టుంది.

"నాక్కూడా తొమ్మిదో ఏడేనండి. ఎక్స్‌రే తీస్తే నాకూ ఎక్కువొస్తుందా అండి?"

"రావచ్చు," అంది డాక్టరు.

"అయితే నన్నూ తీసేస్తారా సార్?"

ఆ ప్రశ్న రవికుమార్‌ని. అతను కిటికీ వైపు చూశాడు. జిల్లా జట్టుకి ఎంపికైనవాళ్ళలో అతని దగ్గర్నుంచి వెళ్ళేది ఆ ఒక్క పిల్లే. అతను చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు.

"నాకేం అభ్యంతరం లేదండి," అన్నాడు చివరికి. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను."

"వెనక్కి తీసుకోవద్దు సార్," అంది గౌతమి. "తప్పని చెప్పండి."

"అబ్బా, ఏంటమ్మా నువ్వు!"

"వెనక్కి తీసుకుంటే దయతలిచి వదిలేసేరనుకుంటారు. రేపు కర్నూల్లో ఇంకెవరో మళ్ళీ మొదలెడతారు. కన్వీనరుగారూ, ఫిర్యాదు విన్నాం, డాక్టరు చూసేరు, తప్పని తేలింది. అలా రాయండి."

కన్వీనరు రవికుమార్‌ని చూశారు. రవికుమార్ కిటికీని చూశాడు. భవాని ఊచలు వదల్లేదు.

"తప్పేనండి," అన్నాడు రవికుమార్. "రాసుకోండి."

కన్వీనరు రాశారు. డాక్టరు సంతకం పెట్టింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుంటూ, మర్యాదకి అన్నట్టు మామ్మతో అన్నారు: "ఈ మాటలు ఈ గది దాటవు లెండి పిన్నిగారూ."

మామ్మ మనవరాలి వైపు చూసింది.

"దాటనీండి," అంది గౌతమి. "ఇంకో ఇంట్లో ఎవరైనా తలుపులేసుకుని కూర్చుంటే, విని ఆసుపత్రికైనా వెళ్తారు."

నాగదుర్గాప్రసాద్ ఏదో అందామని వచ్చి, కూతురి ముందు నిలబడి, చివరికి ఆమె బ్యాగు అందుకుని భుజాన వేసుకున్నాడు.

బయట తాతాజీ మాస్టారు విజిల్ వేస్తున్నారు. బస్సుకి ఇంకా టైముంది, జట్టంతా ఒకసారి కలిసి ఆడాలి. గౌతమి చెప్పులు విడిచి మైదానంలోకి దిగింది. భవాని పక్కన వచ్చి చేరింది.

"నీకు మొదటిసారి వచ్చినప్పుడు భయమెయ్యలేదా?" అని అడిగింది భవాని.

"చచ్చిపోతున్నాననుకున్నాను. నా పెన్సిల్ బాక్సు ఎవరికివ్వాలో కూడా ఆలోచించేను."

"నేను మా దూడనెవరు చూస్తారా అనుకున్నాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. మాస్టారు మళ్ళీ విజిల్ వేశారు. "కబుర్లాపి గీత దగ్గరికి రండే! గౌతమీ, కూత నీదే. భవానీ, నువ్వు అటు."

భవాని అవతలి మూలకి వెళ్ళి, కట్టున్న చేతిని చాచి, వంగి నిలబడింది. "రావే," అంది. "ఇవాళ వదల్ను."

గౌతమి గీత తాకి దండం పెట్టుకుంది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్ళింది.